హోటల్ సిబ్బంది వస్త్రధారణ ప్రమాణాలు, వినియోగదారుల ఫిర్యాదులు

హోటళ్లలో ఆహారాన్ని వండే, వడ్డించే, పార్సిల్ కట్టే, పాత్రలు శుభ్రం చేసే సిబ్బంది ధరించవలసిన దుస్తులు, పాటించవలసిన వ్యక్తిగత శుభ్రత గురించిన నియమాలను వస్త్రధారణ ప్రమాణాలు అంటారు. వీటిలో కొన్ని చట్టం విధించినవి, కొన్ని యాజమాన్యం తన వ్యాపార అవసరాన్ని బట్టి పెట్టుకున్నవి. వీటి ఉల్లంఘన వినియోగదారుడి దృష్టికి వచ్చినప్పుడు ఫిర్యాదు చేయడానికి హోటల్ యాజమాన్యం మొదలుకొని ఆహార భద్రతా శాఖ, వినియోగదారుల కమిషన్ వరకు పలు మార్గాలున్నాయి. ఈ వ్యాసం ప్రధానంగా భారతదేశంలోని నిబంధనలను, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లోని ఆచరణను వివరిస్తుంది.

పరిధి

చట్టం దృష్టిలో ఆహార వ్యాపారం అన్నది చాలా విస్తృతమైనది. నక్షత్ర హోటళ్లు, రెస్టారెంట్లతో పాటు టిఫిన్ సెంటర్లు, మెస్‌లు, ఇరానీ హోటళ్లు, కర్రీ పాయింట్లు, ఫాస్ట్‌ఫుడ్ బండ్లు, పెళ్లిళ్లకు వండిపెట్టే క్యాటరింగ్ బృందాలు, ఇంటికి ఆహారం పంపే క్లౌడ్ కిచెన్‌లు అన్నీ దీని కిందికి వస్తాయి. వంట మాస్టర్లు, సర్వర్లు, క్లీనర్లు, పార్సిల్ కౌంటర్ సిబ్బంది వీరిలో ఎవరికి ఏ నియమం వర్తిస్తుందో నిర్ణయించేది వారి హోదా కాదు, వారు ఆహారాన్ని తాకే తీరు.

చరిత్ర: పాశ్చాత్య దేశాలు

వంటవారి తెల్లటి దుస్తులు, ఎత్తయిన టోపీ ఫ్రాన్సులో స్థిరపడ్డాయి. ఈ వేషాన్ని ప్రామాణికం చేసిన ఘనత మారీ ఆంటోనాన్ కరేమ్‌కు (1784–1833) దక్కుతుంది. ఓగుస్త్ ఎస్కోఫియే (1846–1935) వంటగదిలో పని విభజనతో పాటు శుభ్రతను, క్రమశిక్షణను కట్టుదిట్టం చేశాడు. రెండు పొరలుగా గుండీలు పెట్టుకునే మందపాటి నూలు కోటు వేడి నుంచి రక్షిస్తుంది. ముందు భాగంపై మరక పడితే లోపలి పొరను బయటికి తిప్పి తొడుక్కోవచ్చు.

అమెరికాలో ఫ్రెడ్ హార్వీ రైల్వే భోజనశాలలు 1883 నుంచి మహిళలను వడ్డన పనిలో నియమించి, నల్లని గౌను మీద తెల్లని ఏప్రాన్‌ను యూనిఫాంగా పెట్టాయి. తెలుపు మీద చిన్న మరకైనా కనబడుతుంది కనుక, ఆ రంగే శుభ్రతకు హామీగా చలామణి అయింది.

వంటవారి ఆరోగ్యంపై ప్రభుత్వ నియంత్రణ అవసరమన్న అభిప్రాయం బలపడటానికి న్యూయార్క్ వంటమనిషి మేరీ మాలన్ (1869–1938) ఉదంతం ఒక ముఖ్య కారణం. తనకు ఏ లక్షణాలూ లేకపోయినా ఆమె శరీరంలో టైఫాయిడ్ క్రిములు ఉండేవి. ఆమె పనిచేసిన ఇళ్లలో పలువురు జబ్బుపడ్డారు. 1907లో ఆమెను నిర్బంధంలో ఉంచి 1910లో విడుదల చేశారు. ఆమె మారుపేరుతో మళ్లీ వంట పనిలో చేరడంతో 1915లో తిరిగి నిర్బంధించారు. మరణించే వరకు ఆమె నిర్బంధంలోనే ఉంది. ఈ ఉదంతంలో ప్రజారోగ్య రక్షణతో పాటు కార్మికురాలి స్వేచ్ఛ, జీవనోపాధి అన్న ప్రశ్నలు కూడా ముందుకు వచ్చాయి.

చరిత్ర: భారతదేశం

బ్రిటిష్ కాలపు క్లబ్బులు, రైల్వే భోజనశాలల్లో బేరర్లు తెల్లని దుస్తులు, నడుముకు పట్టీ, తలపాగా ధరించేవారు. కాఫీ బోర్డు నడిపిన కాఫీ హౌస్‌లు, 1950ల చివర కార్మిక సహకార సంఘాలుగా మారిన ఇండియన్ కాఫీ హౌస్‌లు విసనకర్రలా విప్పారిన కుచ్చు తలపాగాను కొనసాగించాయి. ఉడుపి హోటళ్లలో పంచె లేదా లుంగీ, పైన బనియను లేదా చొక్కా సర్వర్ల వాడుక దుస్తులుగా ఉండేవి. గొలుసుకట్టు రెస్టారెంట్లు పెరిగాక టీషర్టు, టోపీ, పేరు బిళ్ల సర్వసాధారణమయ్యాయి.

చట్టపరంగా 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం ప్రధానంగా కల్తీపైనే దృష్టి పెట్టింది. ఆ కాలపు ఫుడ్ ఇన్‌స్పెక్టర్ అన్న మాట ఇప్పటికీ జనం వాడుకలో ఉంది. దాని స్థానంలో వచ్చిన ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006 కల్తీతో పాటు తయారీలోని శుభ్రతనూ చట్టబద్ధమైన బాధ్యతగా చేసింది. ఈ చట్టం కింద భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) 2008లో ఏర్పడింది. లైసెన్సు నిబంధనలు 2011 ఆగస్టు 5న అమలులోకి వచ్చాయి.

కోవిడ్ సమయంలో 2020 జూన్‌లో రెస్టారెంట్లు తిరిగి తెరుచుకున్నప్పుడు సిబ్బందికి మాస్కులు తప్పనిసరి అయ్యాయి. 2024 సెప్టెంబరులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం వంటవారు, సర్వర్లు మాస్కులు, గ్లౌజులు ధరించాలని ఆదేశించింది. తెలంగాణలో 2024 నుంచి ఆహార భద్రతా కమిషనర్ కార్యాలయపు టాస్క్‌ఫోర్స్ బృందాలు హైదరాబాద్ హోటళ్లలో విస్తృతంగా తనిఖీలు జరిపి, కనుగొన్న లోపాలను సామాజిక మాధ్యమాల్లో ప్రకటించాయి. తలకు టోపీలు లేకపోవడం, గ్లౌజులు వాడకపోవడం, వైద్య ధ్రువపత్రాలు చూపకపోవడం ఆ ప్రకటనల్లో తరచుగా కనిపించాయి.

రకాలు

వస్త్రధారణ నియమాలను ప్రయోజనాన్ని బట్టి మూడు వర్గాలుగా విభజించవచ్చు.

రక్షణ దుస్తులు: ఏప్రాన్, తల టోపీ లేదా వల, గడ్డానికి వల, మాస్కు, గ్లౌజులు, వేళ్లు మూసి ఉండే జారని పాదరక్షలు. ఇవి ఆహారాన్ని మనిషి నుంచి, మనిషిని వేడి నూనె, ఆవిరి, కత్తుల నుంచి కాపాడతాయి.

గుర్తింపు దుస్తులు: సంస్థ రంగు, గుర్తుతో ఉండే యూనిఫాం, పేరు బిళ్ల. సర్వర్ ఎవరో, సూపర్‌వైజర్ ఎవరో వినియోగదారుడికి తెలియడం వీటి ప్రయోజనం.

రూప నియమాలు: జుట్టు, గడ్డం, గోళ్లు, నగలు, అలంకరణ గురించినవి. వీటిలో గోళ్ల నియమం వంటివి శుభ్రతకు సంబంధించినవి. అలంకరణ శైలి వంటివి కేవలం సంస్థ అభిరుచికి సంబంధించినవి. ఫిర్యాదును పరిశీలించే అధికారికి ఈ తేడా ముఖ్యం. మొదటి రకం చట్ట పరిధిలోకి వస్తుంది, రెండోది రాదు.

శాస్త్రీయ ఆధారం (చూ. ఆహార విషప్రభావం)

స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే సూక్ష్మజీవి ఆరోగ్యవంతుల ముక్కులో, చర్మంపై కూడా ఉంటుంది. చీము పట్టిన గాయాల్లో అధికంగా ఉంటుంది. ఇది ఆహారంలో పెరిగినప్పుడు విడుదల చేసే విషం వేడిని తట్టుకుంటుంది కనుక, ఆ ఆహారాన్ని మళ్లీ వేడి చేసినంత మాత్రాన ప్రమాదం పోదు. టైఫాయిడ్, హెపటైటిస్ ఏ, నోరోవైరస్ వంటివి మలవిసర్జన తర్వాత సరిగా కడగని చేతుల ద్వారా ఆహారంలోకి చేరతాయి.

గ్లౌజులు చేతులు కడుక్కోవడానికి ప్రత్యామ్నాయం కావు. ఒకే గ్లౌజుతో పచ్చి మాంసాన్ని, ఆ తర్వాత కోసిన ఉల్లిపాయను తాకితే క్రిములు ఒకదాని నుంచి మరొకదానికి అంటుకుంటాయి. డబ్బు తీసుకున్న చేతితోనే ఇడ్లీలు పొట్లం కట్టడం కూడా ఇటువంటిదే. సర్వర్ భుజం మీది తువ్వాలు మరో ఉదాహరణ. దానితోనే ముఖం చెమట తుడుచుకుని, చేతులు ఒత్తుకుని, బల్ల తుడిచి, చివరికి తడి ప్లేటును కూడా తుడిస్తే చొక్కా ఎంత తెల్లగా ఉన్నా ప్రయోజనం ఉండదు. అందుకే వస్త్రధారణ ప్రమాణాలను చేతుల శుభ్రత, ఆరోగ్య పరీక్షలతో కలిపే చూస్తారు.

భారత నిబంధనలు: నాలుగో షెడ్యూలు

2011 లైసెన్సు నిబంధనల నాలుగో షెడ్యూలు ఈ విషయంలో కీలకమైనది. ఇందులో చిన్న వ్యాపారాలకు, లైసెన్సు పొందిన సంస్థలకు, క్యాటరింగ్ సంస్థలకు వేర్వేరు భాగాలున్నాయి. వ్యక్తిగత శుభ్రతకు సంబంధించిన ముఖ్యాంశాలు ఇవి:

• ఆహారాన్ని తాకే సిబ్బందికి శుభ్రమైన రక్షణ దుస్తులు, తల కప్పు, మాస్కు, గ్లౌజులు, పాదరక్షలను వ్యాపార నిర్వాహకుడే సమకూర్చాలి. పని సమయంలో వారు శుభ్రమైన రక్షణ దుస్తులు, తల కప్పు, పాదరక్షలు ధరించేలా రోజూ చూడాలి.
• గోళ్లు కత్తిరించుకోవాలి. ఆహారంలో పడే అవకాశమున్న వదులు నగలు, కృత్రిమ గోళ్లు ఉండకూడదు.
• పని మొదలుపెట్టేటప్పుడు, మరుగుదొడ్డికి వెళ్లివచ్చాక, దగ్గు, తుమ్ము వచ్చాక, ఫోన్ వాడాక చేతులు కడుక్కోవాలి.
• వంట చేసేచోట పొగ తాగడం, ఉమ్మడం, నమలడం నిషిద్ధం. తల గోక్కోవడం, ముక్కు, చెవులు తడుముకోవడం వంటి అలవాట్లు మానుకోవాలి.
• బయట తిరిగే చెప్పులతో వంటగదిలోకి రాకూడదు.
• అంటువ్యాధి ఉన్నవారిని ఆహారాన్ని తాకే పనిలో ఉంచకూడదు. గాయాలను కప్పి ఉంచాలి.
• లైసెన్సు పొందిన సంస్థల్లో సిబ్బందికి ఏడాదికి ఒకసారి వైద్య పరీక్ష జరిపించి, రిజిస్టరైన వైద్యుడి సంతకంతో రికార్డు ఉంచాలి. టైఫాయిడ్ వంటి పేగు సంబంధ వ్యాధులకు టీకాలు వేయించాలి.

నిబంధన తలను కప్పుకోవాలని అంటుంది గాని, తల కప్పు ఆకారాన్ని నిర్దేశించదు. జుట్టును పూర్తిగా మూసే శుభ్రమైన తలపాగా, వస్త్రం కూడా ఈ ప్రయోజనాన్ని నెరవేరుస్తాయి. తెలుగు ప్రాంతపు హోటళ్లలో మహిళా సిబ్బంది గాజులు, జడలోని పూలు, పిన్నులు ఆచరణలో ఎదురయ్యే అంశాలు. మంగళసూత్రాన్ని దుస్తుల లోపలికి వేసుకోవడం సాధారణంగా పాటించే సర్దుబాటు.

శిక్షణ కోసం ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2017లో ఫోస్టాక్ అనే కార్యక్రమాన్ని ప్రారంభించింది. ప్రతి 25 మంది ఆహార సిబ్బందికి శిక్షణ పొందిన సూపర్‌వైజర్ ఒకరైనా ఉండాలన్నది దీని లక్ష్యం.

అమలులోని ఇబ్బందులు

దోసె పెనం ముందు, బిర్యానీ బట్టీల దగ్గర గంటల తరబడి నిలబడే మాస్టర్‌కు మాస్కు, టోపీ, ఏప్రాన్ అన్నీ ధరించడం కష్టం. ఆంధ్ర, తెలంగాణ వేసవిలో ఈ కష్టం ఇంకా పెరుగుతుంది. వంటగదిలో గాలి ఆడే ఏర్పాటు, పొగ గొట్టం, పలుచని నూలు దుస్తులు, విడతలుగా విశ్రాంతి లేకుండా నియమం మాత్రమే పెడితే అది తనిఖీ రోజున తప్ప అమలు కాదు. పాలిథీన్ గ్లౌజులు మంట దగ్గర కరిగి చేతికి అంటుకునే ప్రమాదం ఉంది. కనుక వండిన పదార్థాన్ని నేరుగా తాకేచోట గ్లౌజులు, పొయ్యి దగ్గర గరిటెలు, పటకారులు వాడటం మెరుగైన పద్ధతి.

ఒక్కొక్కరికి ఒకే జత యూనిఫాం ఇవ్వడం, ఉతికే ఏర్పాటు లేకపోవడం, పని మనుషులు తరచుగా మారడం, వారు వేర్వేరు రాష్ట్రాల నుంచి రావడం వల్ల సూచనలు వారి భాషలో అందకపోవడం ఇతర కారణాలు.

ఫిర్యాదుల రకాలు

వినియోగదారుల ఫిర్యాదులు ప్రధానంగా నాలుగు రకాలు: దుస్తుల, శరీర శుభ్రత లోపం, ఆహారంలో వెంట్రుక, గోరు, కట్టు ముక్క వంటి అన్య పదార్థం రావడం, సిబ్బంది అనారోగ్యం స్పష్టంగా కనిపించడం, ఆహారం తిని జబ్బుపడటం. మొదటి దానిలో ముప్పు ఉందన్న సూచన మాత్రమే ఉంటుంది. చివరిదానిలో నష్టం జరిగిపోయింది. కాబట్టి వీటికి వెళ్లవలసిన చోట్లు, అవసరమయ్యే సాక్ష్యాలు వేర్వేరు. సర్వర్ వేషం నచ్చలేదన్నది, మాట తీరు బాగాలేదన్నది యాజమాన్యం పరిష్కరించవలసిన సేవా సంబంధ ఫిర్యాదులే గాని, ఆహార భద్రతా ఉల్లంఘనలు కావు.

ఫిర్యాదు మార్గాలు: హోటల్ స్థాయి

లోపం కనబడగానే మేనేజరుకో, క్యాష్ కౌంటర్‌లో ఉన్న యజమానికో చెప్పడం మొదటి మెట్టు. ప్లేటు మార్చడం, డబ్బు తిరిగి ఇవ్వడం, సిబ్బందికి టోపీ ఇవ్వడం వంటివి అక్కడికక్కడే జరగవచ్చు. బిల్లు తీసుకోవడం అవసరం. ఆహార వ్యాపారాల బిల్లులపై 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ముద్రించడం 2022 జనవరి 1 నుంచి తప్పనిసరి. ఆ నంబరు ఉంటే ఫిర్యాదు ఏ సంస్థపైనో అధికారులు వెంటనే గుర్తించగలరు.

ఫిర్యాదు మార్గాలు: ఆహార భద్రతా శాఖ

ప్రతి రాష్ట్రంలో ఆహార భద్రతా కమిషనర్, ఆయన కింద నియమిత అధికారులు, వారి కింద ఆహార భద్రతా అధికారులు ఉంటారు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్, ఫోస్‌కోస్ పోర్టల్ ద్వారాను, 1800112100 టోల్‌ఫ్రీ నంబరు ద్వారాను ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఆంధ్రప్రదేశ్ కలెక్టరేట్లలో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, తెలంగాణలో ప్రజావాణిలో అర్జీ ఇచ్చే వీలుంది.

ఫిర్యాదులో హోటల్ పేరు, శాఖ ఉన్న ప్రాంతం, తేదీ, సమయం, చూసిన విషయం, ఆధారాలు ఉండాలి. "హోటల్ శుభ్రంగా లేదు" అన్న వాక్యం కన్నా, "ఫలానా తేదీ రాత్రి 8 గంటలకు దోసె పెనం దగ్గర ఉన్న ఇద్దరికీ తలకు టోపీ లేదు, ఒకరి వేలి గాయానికి కట్టు లేదు, అదే చేత్తో చట్నీ వేశారు" అన్న వివరణ తనిఖీకి ఉపయోగపడుతుంది.

ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలోని 40వ సెక్షన్ ప్రకారం కొనుగోలుదారు కూడా రుసుము చెల్లించి ఆహారాన్ని పరీక్షకు పంపవచ్చు. ఆ ఉద్దేశాన్ని కొనేటప్పుడే వ్యాపారికి తెలపాలి. ఉల్లంఘన రుజువైతే రుసుము తిరిగి వస్తుంది.

ఫిర్యాదు మార్గాలు: వినియోగదారుల వ్యవస్థ (చూ. వినియోగదారుల రక్షణ చట్టం)

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ (నంబరు 1915) ఫిర్యాదు ఉన్న సంస్థతో మాట్లాడి రాజీకి ప్రయత్నిస్తుంది. నష్టపరిహారం కోరేవారు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. ఘటన జరిగిన 2 సంవత్సరాలలోపు, తాము నివసించే చోట లేదా పనిచేసే చోట ఉన్న కమిషన్‌లో కూడా ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు అయితే దాఖలు రుసుము లేదు. న్యాయవాది లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేసే ఏర్పాటు ఉంది. బిల్లు, వైద్యుడి చీటీ, పరీక్షా నివేదిక, హోటల్‌తో జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలు ప్రధాన సాక్ష్యాలు. టోపీ లేదన్న ఒక్క అంశంపై, నష్టం చూపకుండా పరిహారం పొందడం కష్టం. అటువంటి విషయానికి ఆహార భద్రతా శాఖే తగిన చోటు.

సామాజిక మాధ్యమాల్లో ఫొటోలు, వీడియోలు పెట్టడం వల్ల అధికారుల స్పందన వేగంగా వచ్చిన సందర్భాలున్నాయి. అయితే ఆధారం లేని ఆరోపణ పరువునష్టం కేసుకు దారితీయవచ్చు. సిబ్బంది ముఖాలు కనబడేలా ప్రచురించడం వారి గౌరవానికి, ఉపాధికి హాని చేస్తుంది.

విచారణ, చర్యలు

తనిఖీకి వచ్చిన అధికారి వంటగది, నిల్వ గది, చేతులు కడిగే చోటు చూస్తారు. సబ్బు ఉందా, కుళాయిలో నీరు వస్తోందా, టోపీలు పెట్టెలోనే ఉన్నాయా, తలల మీద ఉన్నాయా గమనిస్తారు. వైద్య ధ్రువపత్రాలు, టీకా రికార్డు, శిక్షణ పత్రాలు అడుగుతారు. అవసరమైతే నమూనాలు సేకరిస్తారు. వాటిని పరీక్షించే విశ్లేషకుడు సాధారణంగా 14 రోజుల్లో నివేదిక ఇవ్వాలి.

లోపాలుంటే ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలోని 32వ సెక్షన్ కింద సవరణ నోటీసు ఇస్తారు. సరిదిద్దుకోవడానికి కనీసం 14 రోజుల గడువు ఉంటుంది. పాటించకపోతే లైసెన్సును నిలిపివేయవచ్చు, ఆపై రద్దు చేయవచ్చు. అపరిశుభ్ర పరిస్థితుల్లో ఆహారం తయారు చేస్తే 56వ సెక్షన్ కింద లక్ష రూపాయల వరకు, ఆహారంలో అన్య పదార్థం ఉంటే 54వ సెక్షన్ కింద లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఇటువంటి కేసులను అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని న్యాయనిర్ణయాధికారి విచారిస్తారు. ఆహారం వల్ల వినియోగదారుడు మరణిస్తే 5 లక్షల రూపాయలకు తగ్గని పరిహారాన్ని 65వ సెక్షన్ నిర్దేశిస్తుంది.

సిబ్బంది హక్కులు

రక్షణ దుస్తులు సమకూర్చే బాధ్యత నిర్వాహకుడిదే కనుక, అవి లేవన్న ఫిర్యాదు వస్తే సమాధానం చెప్పవలసింది కూడా నిర్వాహకుడే. జబ్బుపడిన సిబ్బంది సెలవు అడిగితే కూలి పోతుందన్న భయం ఉన్నచోట అనారోగ్యాన్ని దాచుకుంటారు. ఆరోగ్య నియమాల అమలుకు ఇది పెద్ద ఆటంకం.

అసౌకర్యమైన లేదా ఆకర్షణ కోసం నిర్దేశించిన దుస్తులపై పలు దేశాల్లో చర్చ జరిగింది. కెనడాలో ఒంటారియో మానవ హక్కుల కమిషన్ 2016లో రెస్టారెంట్లలో మహిళలకు లైంగిక ఆకర్షణే ఉద్దేశంగా గల దుస్తుల నియమాలను వివక్షగా పేర్కొంది. బ్రిటిష్ కొలంబియా 2017లో ఎత్తు మడమల చెప్పులను తప్పనిసరి చేయడాన్ని నిషేధించింది. భారతదేశంలో పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 అక్కడికి వచ్చే బయటి వ్యక్తుల నుంచి కూడా మహిళా సిబ్బందికి రక్షణ కల్పించాలని యజమానిని ఆదేశిస్తుంది. హోటల్‌కు వచ్చే వినియోగదారులు ఈ పరిధిలోకి వస్తారు.

ఇతర దేశాల విధానాలు

యూరోపియన్ యూనియన్ 852/2004 నిబంధన ఆహార ప్రాంతంలో పనిచేసే ప్రతి ఒక్కరూ అనువైన, శుభ్రమైన దుస్తులు ధరించాలని చెబుతుంది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ రూపొందించిన నమూనా ఫుడ్ కోడ్ జుట్టును కప్పుకోవాలని, సాదా ఉంగరం తప్ప చేతులకు నగలు ఉండరాదని నిర్దేశిస్తుంది. దీన్ని రాష్ట్రాలు తమ చట్టాలుగా స్వీకరిస్తాయి. న్యూయార్క్ నగరం 2010 నుంచి తనిఖీ ఫలితాన్ని అక్షర గ్రేడుగా హోటల్ ముందు అతికిస్తోంది. అక్కడ 311 నంబరుకు ఫిర్యాదు చేస్తారు. బ్రిటన్‌లో స్కాట్లండ్ మినహా మిగతా చోట్ల 0 నుంచి 5 వరకు పరిశుభ్రతా రేటింగు ఇస్తారు. దాన్ని ప్రదర్శించడం వేల్స్, ఉత్తర ఐర్లాండ్‌లలో తప్పనిసరి, ఇంగ్లండ్‌లో ఐచ్ఛికం. భారతదేశంలోనూ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పరిశుభ్రతా రేటింగు పథకం ఉంది.

ప్రాముఖ్యం

వినియోగదారుడికి వంటగది కనిపించదు. సర్వర్ చేతులు, గోళ్లు, ఏప్రాన్ మాత్రమే కనిపిస్తాయి. కనుక సిబ్బంది వస్త్రధారణ ఆహార భద్రతలో సామాన్యుడు స్వయంగా పరిశీలించగల కొద్ది అంశాల్లో ఒకటి. ఆహార భద్రతా అధికారి ప్రతి హోటల్‌కూ రోజూ వెళ్లలేరు కాబట్టి తేదీ, సమయం, వివరాలతో వచ్చే ఫిర్యాదు తనిఖీ వ్యవస్థకు ముఖ్యమైన సమాచారం. శుభ్రమైన దుస్తులు ధరించి పనిచేయడం సిబ్బంది విధి. వాటిని సమకూర్చి, ధరించేలా చూసే బాధ్యతను భారత చట్టం వ్యాపార నిర్వాహకుడిపైనే ఉంచింది.